గెడ్డ దాటిన సెంటర్ ఫార్వర్డు

ఆ ఏడు చేపల వేట నిషేధం మొదలైన వారంలోనే మా ఉమాశంకర్ బావ భుజాన సంచీతో వచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు. పడవలన్నీ ఒడ్డెక్కి ఇసకలో ఒరిగి ఉన్నాయి. నేను వాకిట్లో కూర్చుని వల బాగుచేస్తున్నాను. బావని చూడగానే మా అమ్మ కాసులమ్మ చేతిలో చేట కింద పెట్టి తలుపు చాటుకి వెళ్ళిపోయింది. అల్లుడి ఎదుట నిలబడి మాట్లాడటం మా వాళ్ళలో లేదు.

"బాబొచ్చినాడు. కాళ్ళకి నీళ్ళియ్యరా" అంది తలుపు వెనకనుంచి.

నీళ్ళిచ్చాను కానీ నా చూపు సంచీ మీదే ఉంది. మోహిని అక్క పురిటికని ఉగాది వెళ్ళగానే మా ఇంటికి వచ్చేసింది. బావది కొమరరేవు, మాది ఇసకలపాలెం. రెండు ఊళ్ళకీ మధ్య ఒక్క గెడ్డే, సముద్రంలోకి పోయే చిన్న ఏరు. ఆటు మీద మోకాలి లోతు నీళ్ళుంటాయి. అందుకని బావ రోజూ సాయంత్రం గెడ్డ దాటి వచ్చి, అక్కని చూసి, మా అమ్మ పంపిన టీ తాగి, చీకటి పడేలోగా వెళ్ళిపోయేవాడు. ఎప్పుడూ సంచీ తేలేదు.

"ఏటి బావా, ఉండిపోతావా?"

"ఏం, ఉండకూడదేటి?"

"ఉండు. ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళుండు. మరి మీ ప్రాక్టీసో?"

"ఈ యేడు నాకు సెలవు" అని కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళాడు.

నాకు నమ్మకం కలగలేదు. మిగతా ఉద్దానమంతా క్రికెట్టూ వాలీబాలూ ఆడితే, మా గెడ్డ ఒడ్డు ఊళ్ళకి మాత్రం ఫుట్‌బాల్ పిచ్చి. గోవా హార్బరులో బోట్ల మీద పనికి పోయినవాళ్ళు తెచ్చి పెట్టిన పిచ్చి అది. నిషేధం రెండు నెలలూ పని ఉండదు కాబట్టి గెడ్డ సముద్రంలో కలిసే మొగలో సరుగుడు కర్రలు పాతి, పాత వలలు కట్టి పోటీలు పెడతారు. నేను ఇసకలపాలెం గోలీని. బావ కొమరరేవు సెంటర్ ఫార్వర్డు. టెక్కలి నుంచి కంచిలి దాకా ఆయన ఆట చూడనివాళ్ళు తక్కువ. నేను గోల్లో నిలబడటం నేర్చుకున్న రోజునుంచీ ఆయన కొట్టిన బంతుల్ని వెనక వలలోంచి ఏరుకోవడమే నా పని. పైగా అలా ఏరుకుంటున్న ఒక వేసవిలోనే మా అక్క గట్టు మీద కూర్చుని ఆయన్ని చూసింది. పెళ్ళయ్యాక ఊళ్ళో నన్ను ఆటపట్టించేవాళ్ళు, పిల్లనీ ఇచ్చారు, గోలూ ఇచ్చారు అని.

అసలు సంగతి ఆ రాత్రి అన్నాల దగ్గర మోహిని అక్క చెప్పింది.

"సెలవూ లేదు, ఏటీ లేదు. వైకుంఠరావు బాబు ఖరగ్‌పూర్ నుంచి ఇద్దర్ని తెత్తన్నాడంట. ఈయన్ని స్పేరులో కూకోమన్నారంట."

వైకుంఠరావుది కొమరరేవే. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ పెట్టి పైకొచ్చాడు. టీముకి బనీన్లూ బూట్లూ ఆయనే కొంటాడు. అందుకని ఎవరు ఆడాలో కూడా ఆయనే చెబుతాడు.

బావ చేప ముల్లు తీసుకుంటూ తల ఎత్తలేదు. "ముప్పై మూడొచ్చినాయి కదే నాకు. ఆయన కాకపోతే ఇంకొకడు సెప్పేవోడు" అన్నాడు.

మర్నాడు నాకు మెలకువ వచ్చేసరికి ఆయన మంచం ఖాళీగా ఉంది. చేతి తొడుగులు తీసుకుని సముద్రం ఒడ్డుకి పోయాను. ఆటు మీద తడి ఇసక గట్టిగా బల్లలా ఉంది. బావ ఒక్కడే ఆ చివరినుంచి ఈ చివరికి పరిగెడుతున్నాడు. నన్ను చూసి ఆగాడు. బంతి కింద పెట్టి రెండు చెప్పుల మధ్య నన్ను నిలబెట్టాడు.

చాలాసేపు కొట్టాడు. ఆ రోజు నేను ఆపినన్ని బంతులు అంతకు ముందు ఎప్పుడూ ఆపలేదు. మొదట సంతోషించాను. తరవాత గమనించాను, కుడికాలితో కొట్టిన ప్రతిసారీ ఆయన ఒక్క క్షణం ఆగి మోకాలు మీద చెయ్యి వేస్తున్నాడు.

అలిసిపోయి ఇద్దరం ఇసకలో కూలబడ్డాం.

"గోవాలో మాకొక ముసలాయన ఆట నేర్పేవోడు" అన్నాడు బావ. "ఆయనకొకటే కత. స్పెయినని ఒక దేశం. మన తాతల నాటి మాట. అక్కడొక సెంటర్ ఫార్వర్డు. పెద్ద పట్నం టీములో గోలు మీద గోలు కొట్టినాడంట. ఆనక ఆ టీముకి పైదేశం నుంచి గొప్పగొప్పోళ్ళొచ్చినారు. ఈడిని తెచ్చి బల్ల మీద కూకోబెట్టినారు. ఈడు ఏడవలేదు, ఎవర్నీ తిట్టలేదు. సంచీ సద్దుకుని సిన్న ఊరి టీముకి పోనాడు. కాలు పని సేసినన్నాళ్ళూ ఆడినాడు. ఆనక ఆ ఊరి పిల్లగుంటలకి ఆట నేర్పుకుంటా ఉండిపోనాడు."

"మరి పాత టీము మీద గోలు కొట్టినాడా?"

బావ నవ్వాడు. "నానూ అదే అడిగినాను. ముసలాయనకి తెల్దు. మనిసి పేరే మరిసిపోనాడు. ఆడు బూట్లు ఎలగ తుడుసుకునేవోడో మాత్రం రోజూ సెప్పేవోడు."

రెండు రోజుల తరవాత మా టీము పెద్ద, బ్యాకులో ఆడే గున్నయ్య ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చుని, మా నాన్నతో ఆ కబురూ ఈ కబురూ చెప్పి, చివరికి బావ వైపు తిరిగాడు.

"అల్లుడుగారూ, ఊరంతా ఒక మాటనుకున్నాం. మా తరపున ఆడాలి మీరు. టీముకి ఇద్దరు పైవోళ్ళుండొచ్చని రూలున్నాది. కానీ అల్లుడు పైవోడేటి? మిమ్మల్ని ఊరోడిగానే రాయించినాం."

"మా అమ్మున్నాది మావా" అన్నాడు బావ.

ఆయన అమ్మ రాజులమ్మ మాతో సరిగ్గా మాట్లాడి రెండేళ్ళయింది. భర్త కిడ్నీ జబ్బుతో పోయాడు, బోరునీళ్ళ వల్లేనని ఆవిడ నమ్మకం. ఉన్నది ఒక్క కొడుకు. ఆ కొడుకు గెడ్డ అవతల పిల్లని ఇష్టపడ్డాడని తెలిసిన రోజే, "ఇయాళ పిల్లంతారు, రేపు నా కొడుకునే లాక్కుంతారు" అందట. పెళ్ళిలో భోజనం చేసింది, అక్షింతలు వేసింది, అంతే. ఇప్పుడు బావ సంచీతో మా ఇంటికి రావడంతో కొమరరేవులో ఆ మాట నిజమైంది. ఉమాశంకర్ ఇల్లరికం పోయాడని చెప్పుకుంటున్నారు.

గున్నయ్య ఇంకా మా వీధి దాటాడో లేదో, బావ ఫోను మోగింది. కబురు ఎలా చేరిందో తెలియదు. బావ చెవికి ఆనించుకున్నా రాజులమ్మ గొంతు మా అందరికీ వినిపించింది.

"ఆ ఊరి బనీనేసుకున్నావని ఇన్నానంటే, మనవడు పుట్టనీ, మనవరాలు పుట్టనీ, నాను గెడ్డ దాటను. సెప్తన్నాను."

మోహిని అక్క చెయ్యి చాచి ఫోను తీసుకుంది.

"అత్తా, తిన్నావా?"

"తిన్నాను" అని పెట్టేసింది రాజులమ్మ.

ఫోను మంచం మీద పెట్టి అక్క నడుం పట్టుకుని మెల్లగా కూర్చుంది. "ఆడు" అంది బావతో. "మీ అమ్మ కోపం ఇయాళ కాపోతే రేపు పోతాది. ఈ కాలు రేపటికుంతాదో లేదో నువ్వే సూసుకో. నాను నిన్ను ముందు సూసింది ఆ ఇసకలోనే కదా. బల్ల మీద కూకున్నోణ్ణి సూడలేను."

"మరి అమ్మ?"

"నాను సూసుకుంతాను."

"ఎలగ?"

"తెల్దు" అంది అక్క. ముగ్గురం నవ్వాం. లోపల మా అమ్మ కూడా నవ్వినట్టు గాజుల చప్పుడైంది.

బావ మా ఆకుపచ్చ బనీను వేసుకున్నాడు. వేసుకున్నాడే కానీ, మొదటి రెండు ఆటల్లో ఒక్క గోలూ కొట్టలేదు. దానికి సగం కారణం మా అమ్మ. అల్లుడు ఆటకి వెళుతున్నాడంటే చాలు, పొద్దున్నే వంజరం వేపుడు, రొయ్యల ఇగురు, ఉడికించిన గుడ్లు, పైన గడ్డపెరుగు పెట్టేది. వద్దనడానికి బావకి మొహమాటం. మిగతా సగం కారణం గున్నయ్య. మమ్మల్ని అందర్నీ నోటికొచ్చినట్టు తిట్టే మనిషి, బావ బంతి పోగొట్టుకుంటే మాత్రం, "అల్లుడుగారూ, కూసింత ముందుకి జరగండి" అని బతిమాలేవాడు. మావాళ్ళు కూడా బావని ఢీకొట్టడానికి భయపడి ప్రాక్టీసులో తప్పుకునేవాళ్ళు.

"అత్తకి సెప్పు, మ్యాచి రోజు గంజి సాలని" అని నన్ను వేడుకున్నాడు.

చెప్పాను. అమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "అల్లుడికి గంజి పోసినానని తెలిస్తే ఊరు నవ్వదేటిరా?"

చివరికి మోహిని అక్క మధ్యలో పడింది. గంజి పోస్తారు, కానీ బయటివాళ్ళు ఎవరైనా వస్తే ఎదురుగా చేపల కంచం పెట్టి ఉంచుతారు. ఆ ఒప్పందం మీద ఇల్లు కుదుటపడింది.

బావ గోలు కొట్టకపోయినా మేము గెలుస్తూ వచ్చాం. ఆయన వెనక్కి వచ్చి బంతి అందుకుని, ముందుకి పరిగెత్తే నాగరాజుకి వేసేవాడు. నాగరాజుకి ఇరవై ఏళ్ళుంటాయి, కుందేలులా ఉరుకుతాడు. గోల్సన్నీ వాడివే. గట్టు మీద మాత్రం గుసగుసలు మొదలయ్యాయి. పేరు పెద్దదే కానీ కాలు ఖాళీ అయిపోయిందన్నారు. మా నాన్న రామూర్తి ఆ మాటలు పట్టించుకునేవాడు కాదు. ఆయన కళ్ళకి శుక్లాలు కమ్మాయి. వేట మొదలయ్యాక ఆపరేషన్ చేయించాలనుకుంటున్నాం. ఆట కనపడదు కాబట్టి సరిగ్గా నా గోలు వెనకే స్టూలు వేసుకుని కూర్చుని, ఎవరు కొట్టారు, ఎవరు పడ్డారు అని నన్నే అడుగుతుండేవాడు. బంతి ఎక్కడుందో చెబుతూ బంతి ఆపడం ఎంత కష్టమో ఆ ఏడు తెలిసింది.

ఫైనల్లో ఎదురుగా కొమరరేవే వచ్చింది.

ఆ రోజు గెడ్డ మొగలో ఇసక కనపడనంత జనం. వజ్రపుకొత్తూరు నుంచి, మందస నుంచి ఆటోల్లో వచ్చారు. కొమరరేవు వైపు వైకుంఠరావు టెంటు వేయించాడు. ఆ టెంటు కింద ముందు వరసలో, గోతాం పరుచుకుని రాజులమ్మ కూర్చుంది. నెత్తిన కొంగు కప్పుకుని, మోకాళ్ళ చుట్టూ చేతులు చుట్టుకుని ఉంది. కొడుకు ఆట అంటే ఆవిడ ఎన్నడూ మానలేదు. ఈసారి కూడా మానలేకపోయిందన్నమాట. మా వైపు మా అమ్మ, అక్క గొడుగు కింద కూర్చున్నారు. రెండు వైపుల వాళ్ళూ ఒకరినొకరు చూసీ చూడనట్టున్నారు.

ఆట మొదలైంది. బావ కాలికి మొదటి బంతి తగలగానే ఆ టెంటులోంచి ఒక్కసారిగా కేక లేచింది.

"ఇల్లరికం! ఇల్లరికం!"

ఇక ఆగలేదు. బంతి తగిలినా కేక, తగలకపోయినా కేక. బావ మొహంలో ఏమీ కనపడలేదు. ఖరగ్‌పూర్ వాళ్ళిద్దరూ మంచి ఆటగాళ్ళు, అబద్ధం ఎందుకు చెప్పాలి. అందులో పొడుగువాడు హాఫ్ టైమ్ ముందు గాల్లోకి లేచి తలతో ఒకటి కొట్టాడు. నా చేతి వేళ్ళ చివర తగిలి లోపలికి పోయింది.

"ఎవరూ?" అన్నాడు వెనకనుంచి నాన్న.

"ఆళ్ళే, పొడుగోడు" అన్నాను.

హాఫ్ టైమ్‌లో బావ నీళ్ళు తాగుతూ ఒక్కసారి టెంటు వైపు చూశాడు. మళ్ళీ చూడలేదు.

రెండో సగం మొదలైన కాసేపటికి మాకు కార్నర్ దొరికింది. నాగరాజు కొట్టిన బంతి ఎత్తుగా వచ్చింది. గోలు ముందు అందరూ దాని కోసం ఎగబడ్డారు. బావ మాత్రం రెండు అడుగులు వెనక్కి వేసి, వాళ్ళందరూ లేచి కిందికి దిగుతున్నప్పుడు లేచాడు. ఎంత ఎత్తు లేచాడో నాకు అంత దూరం నుంచి తెలియలేదు. వల ఊగడం మాత్రం కనిపించింది.

"ఎవరూ?" అన్నాడు నాన్న.

"బావ!"

నాన్న స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. మా గట్టంతా గంతులేసింది. బావ చెయ్యి కూడా ఎత్తలేదు. తల వంచుకుని సెంటర్ వైపు నడిచాడు. అప్పుడు టెంటులోంచి వచ్చిన తిట్లు అంతకు ముందులాంటివి కావు. ఆయన్ని తిట్టారు, మోహిని అక్కని తిట్టారు, చచ్చిపోయిన ఆయన తండ్రిని కూడా లాగారు. రాజులమ్మ లేచి నిలబడింది. గోతాం తీసి ఇసక దులిపింది, మడిచి చంకలో పెట్టుకుంది. కొమరరేవు వైపు నడిచి వెళ్ళిపోయింది.

అందరూ చూశారు. బావ కూడా చూశాడు.

ఆ తరవాత పొడుగువాడు నా కాళ్ళ సందులోంచి రెండో గోలు కొట్టాడు. ఆట అయిపోవస్తుండగా గున్నయ్య వెనకనుంచి బంతిని బలంగా తన్నాడు. అది కొమరరేవు వాళ్ళందర్నీ దాటి బావ ముందు పడింది. ఎదురుగా వాళ్ళ గోలీ ఒక్కడే ఉన్నాడు. అలాంటి చోట ఆయన ఏం చేస్తాడో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. బంతిని ఒక్కసారి తాకుతాడు. గోలీ కంగారుపడి కిందికి వాలేదాకా ఆగుతాడు. వాలగానే పైనుంచి నెమ్మదిగా లోపలికి వేస్తాడు. ఎన్ని వేసవులు అలా వాలానో నేను.

ఆయన తాకాడు. గోలీ వాలిపోయాడు.

బావ కొట్టలేదు. కుడివైపు పరిగెత్తుకొస్తున్న నాగరాజుకి బంతి నెట్టాడు. అలాంటి చోట ఉమాశంకర్ ఇంకొకరికి బంతి ఇవ్వడం ఎవరూ చూసి ఎరగరు. నాగరాజు కూడా ఎదురుచూడలేదు. తడబడి కొట్టాడు. బంతి కర్రని రాసుకుంటూ బయటికి పోయింది. విజిల్ పడింది.

వైకుంఠరావు మైకులో చాలాసేపు మాట్లాడాడు. క్రీడాస్ఫూర్తి అన్నాడు, యువత అన్నాడు, తన ఫ్యాక్టరీ గురించి కూడా చెప్పాడు. షీల్డు ఇచ్చి, గొర్రెపోతుని ఇచ్చి, ఫోటోలు తీసుకునేసరికి ఎండ వాలింది. మేము ఊరి వైపు బయలుదేరాం. వెనకనుంచి మావాళ్ళలోనే ఎవడో అన్నాడు, "పుట్టినూరు కదేటి మరి."

నేను గిర్రున తిరిగాను. బావ నా చెయ్యి పట్టుకున్నాడు. "ఒగ్గీ, అననీ."

అందర్నీ ముందుకి పోనిచ్చి, ఇద్దరం గెడ్డ గట్టు మీద మెల్లగా నడిచాం.

"ఎందుకు కొట్టలేదు బావా?"

"కొడితే గోలీ సేతిలోకే పోయేది" అన్నాడు. "బంతి తాకినాక ఈ కాలు అక్కడికి రాలేదు. ఎప్పుడూ వొచ్చేది. నాకు తెలిసిపోనాది. పక్కన నాగరాజున్నాడు. ఆడికి కాలున్నాది."

కొంతదూరం నడిచాక, "అయిపోనాది వాసూ" అన్నాడు. అన్నం అయిపోయింది అన్నంత మామూలుగా అన్నాడు. తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. ఆయన మనసు అసలు ఆ బంతి మీద లేదు.

"అమ్మ లేసి ఎల్లిపోనాది. సూసినావా?"

"సూసినాను."

"ఇంక ఆ గడప తొక్కనివ్వదు" అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి అరుగు మీద పెద్ద నీళ్ళ డబ్బా ఉంది. కొమరరేవుకి ఈమధ్యే వచ్చిన మంచినీళ్ళ కుళాయిల దగ్గర పట్టుకునే డబ్బా అది. లోపల మంచం మీద మోహిని అక్క కాళ్ళు చాపుకుని ఉంది. కింద పీట మీద కూర్చుని, వాచిన ఆ పాదాలకి ఆముదం రాస్తోంది రాజులమ్మ. ఆవిడ చీర నడుం దాకా తడిసి ఉంది. పోటు మీద గెడ్డ దాటిందన్నమాట, నెత్తిన ఆ డబ్బా పెట్టుకుని.

మేమిద్దరం గుమ్మంలో నిలబడిపోయాం. ఆవిడ తల తిప్పలేదు.

"ఓడిపోనారా?"

"ఓడిపోనాం" అన్నాడు బావ.

"ఒరే వాసూ, ఆ పొడుగోణ్ణి ఆపలేకపోనావేటిరా?"

నేను చేతి తొడుగులు వెనక్కి దాచుకున్నాను.

"నువ్వు లేసి ఎల్లిపోనావు కదమ్మా" అన్నాడు బావ.

"ఎల్లకేటి సెయ్యమంతావు? నా కొడుకునీ నా మొగుణ్ణీ నా సెవుల ముందే తిడతంటే, నీడ బాగున్నాదని ఆ టెంటు కిందే కూకోమంతావా?" అంది రాజులమ్మ. ఇంకో పాదం ఒళ్ళోకి తీసుకుంది. "నాను తిడతాను. నాకు కొడుకు. ఆళ్ళకేటి?"

మోహిని అక్క నవ్వు ఆపుకుంటూ, "గెడ్డ దాటనన్నావు కదత్తా" అంది.

"ఈ ఊరి బోరునీళ్ళు పురిటి మనిసి తాగకూడదు. మా ఆయన్ని ఏటి మింగినాదో నాకు తెలుసు. ఆ డబ్బాలో నీళ్ళే తాగు. అయిపోతే మళ్ళీ తెత్తాను."

లోపలినుంచి మా అమ్మ వచ్చి, "వొదినా, తడిసీర మార్సుకో" అని తన చీర ఒకటి అందించింది. రాజులమ్మ అందుకుని లేచింది. బావ పక్కనుంచి వెళుతూ ఆగింది.

"ఆ గోలు తలతో కొట్టినావా, భుజంతోనా? నాకు ఎండ కళ్ళల్లో పడ్డాది."

"తలతోనే."

"ఊఁ" అని లోపలికి వెళ్ళింది.

ఆవిడ ఆ రాత్రి ఉంది. మర్నాడు పోటు ఎక్కువగా ఉందని ఉంది. ఆ మర్నాడు డబ్బా ఖాళీ కాలేదని ఉంది. తరవాత ఇక కారణాలు చెప్పడం మానేసింది. పొద్దున్నే కొమరరేవు వెళ్ళి, కోళ్ళకి గింజలు వేసి, నీళ్ళు పట్టుకుని వచ్చేసేది. చారులో చింతపండు ఎంత వెయ్యాలన్న దగ్గర ఆవిడకీ మా అమ్మకీ రోజూ తగువే. అంతవరకూ మా ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉండేదని నాకు అప్పుడు తెలిసింది.

మే నెలాఖరున ఒక తెల్లవారుజామున అక్కకి నొప్పులు మొదలయ్యాయి. ఆటోలో వెనక అక్కకి అటు ఒక తల్లి, ఇటు ఒక తల్లి కూర్చున్నారు. నేనూ బావా ముందు డ్రైవరుకి చెరో పక్క వేలాడాం. పలాస చేరేసరికి జీడిగింజలు కాల్చే పొగ వాసన మొదలైంది. ఆసుపత్రి గేటు దగ్గర బావ కూర్చోలేక, నిలబడలేక, ఆ మోకాలితోనే అటూ ఇటూ తిరిగాడు. మధ్యాహ్నం కాకముందే ఆడపిల్ల పుట్టింది. ముక్కు మా వాళ్ళదని మా అమ్మ, కాదు తమ వాళ్ళదని రాజులమ్మ వాదించుకుంటుంటే నర్సు వచ్చి ఇద్దర్నీ బయటికి పంపించింది. బయట బెంచీ మీద కూర్చుని ఇద్దరూ ఒకే గ్లాసులో టీ సగం సగం తాగారు.

పిల్లని ఇంటికి తెచ్చిన కొన్ని రోజులకి కొమరరేవు నుంచి నలుగురు కుర్రాళ్ళు గెడ్డ దాటి వచ్చారు. ఖరగ్‌పూర్ వాళ్ళు వెళ్ళిపోయారట. వచ్చే ఏడు ఆడటానికి తమకి నేర్పమని బావని అడగడానికి వచ్చి, సిగ్గుపడుతూ నిలబడ్డారు. వాళ్ళలో ఇద్దరు ఆ రోజు టెంటులో గట్టిగా అరిచినవాళ్ళే. లోపలినుంచి రాజులమ్మ వాళ్ళని చూసి ఏదో అనబోయింది. అక్క చెయ్యి పట్టుకుంది.

"సాయంత్రం మొగ దగ్గరికి రండి" అన్నాడు బావ. "మా నాగరాజోళ్ళు కూడా ఉంతారు. ఏ ఊరని అడగను. పరిగెట్టాలి, అంతే."

ఇక వేట తెరిచే రోజు దగ్గరపడింది. నాన్న ఆపరేషన్‌కి విశాఖపట్నంలో రోజు ఇచ్చారు. మా పడవకి ఒక మనిషి తక్కువ. అడగాలని అందరికీ ఉంది, ఎవరూ అడగలేదు. బావ కూడా సంచీ సర్దుకోలేదు, ఉంటాననీ చెప్పలేదు. పిల్లకి నీళ్ళు పోస్తూ రాజులమ్మే అంది.

"ఈ యేడు మావ పడవ మీద ఎల్లు. ఆయన కళ్ళు బాగయ్యేదాకా."

"ఊళ్ళో మళ్ళీ ఇల్లరికమంతారమ్మా."

"అననీ. నానూ ఇక్కడే ఉన్నాను కదా. నన్నేటంతారో సూద్దాం" అంది రాజులమ్మ, పిల్ల ముక్కుని మెల్లగా పైకి ఒత్తుతూ. వాళ్ళ వాళ్ళ ముక్కులా చెయ్యాలని కాబోలు.

నిషేధం అయిపోయిన మర్నాడు తెల్లవారకముందే పడవ దించాం. బావ భుజం ఆనించి తోశాడు, కెరటం రాగానే ఎగిరి ఎక్కాడు. కాలు కాస్త వెనకపడితే నేను రెక్క పట్టుకుని లాగాను. పగలు పదయ్యేసరికి తిరిగొచ్చాం. మొదటి రోజు వేట గొప్పగా ఏమీ లేదు. కవళ్ళ చేపలు ఒక గంప, అడుగున ఒకే ఒక పాలసొర. బాలింతకి పాలు పడతాయని మా వాళ్ళు వండిపెట్టే చేప అది. బావ దాన్ని రెండు చేతులా ఎత్తుకుని ఇసకలో ఇంటిదాకా మోసుకుపోయాడు.

వాకిట్లో ఇద్దరు తల్లులూ ఒకేసారి చేతులు చాచారు. కారం తక్కువ వేసి వెల్లుల్లి దంచి వండాలని మా అమ్మ అంది. అలా వండితే బాలింత నోటికి సహించదని రాజులమ్మ అంది. కాసేపు వాదించుకుని, సొరని సరిగ్గా మధ్యకి కోసుకుని, ఒకరు లోపల పొయ్యి వెలిగించారు, ఒకరు పెరట్లో మూడు రాళ్ళు పెట్టుకున్నారు. మోహిని అక్క ఎవరిది బాగుందో చెప్పలేదు. పిల్లని బావ చేతికిచ్చి, రెండు గిన్నెలూ ముందు పెట్టుకుని కూర్చుని, అడుగంటా తినేసింది.